త్రీ పిన్ ప్లగ్ మార్చుకోవడం ఎలా: ఎర్త్ వైరు నుంచి మొదలుపెట్టి, టెస్టింగ్ దాకా

కూలర్ ప్లగ్‌లో మూడు వైర్లుంటాయి. వాటిలో ఆకుపచ్చది, అంటే ఎర్త్ వైరు, కలపకుండా వదిలేసినా ఫ్యాను తిరుగుతుంది, పంపు నీళ్లు తోడుతుంది, చల్లగాలి వస్తుంది. లోపం ఉందని ఎవరికీ తెలియదు. లోపల ఎక్కడో కరెంట్ తెచ్చే ఫేజ్ వైరు ఇన్సులేషన్ చిట్లి రేకు బాడీకి తగిలిన రోజు, బకెట్‌తో నీళ్లు పోస్తున్న మనిషి ఒంట్లోంచి ఆ కరెంట్ నేలకు పోతుంది. ఎండాకాలం వచ్చిందంటే కూలర్ షాక్ కొట్టి ప్రాణం పోయిందన్న వార్త పేపర్లో కనిపిస్తూనే ఉంటుంది.

అందుకే ప్లగ్ మార్చాక "పనిచేస్తోంది కదా, చాలు" అనుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. వస్తువు నడవడానికి రెండు వైర్లు చాలు. మూడోది మనిషి కోసం. అది సరిగ్గా బిగిసి ఉంటే, ఫేజ్ బాడీకి తగిలిన క్షణంలోనే కరెంట్ ఎర్త్ వైరు గుండా పెద్దమొత్తంలో పారి ఎంసీబీ (కరెంట్ మోతాదు మించితే తనంతట తనే ఆగే మెయిన్ బోర్డు స్విచ్) పడిపోతుంది. మీరు ఆ వస్తువును ముట్టుకునే లోపే సప్లై ఆగిపోతుంది. ఈ గైడ్‌లో ప్రతి స్టెప్పులోనూ ఎర్త్ వైరు ముందు వస్తుంది, మిగతా రెండూ ఆ తర్వాతే.

ఇది మీరు చేయదగ్గ పనేనా?

మిక్సీ, ఇస్త్రీపెట్టె, కూలర్, ఫ్రిజ్, టేబుల్ ఫ్యాన్, రైస్ కుక్కర్, ఇండక్షన్ స్టవ్, ప్లగ్‌తో వచ్చే గీజర్: వీటి ప్లగ్ మార్చడం జాగ్రత్త ఉన్న ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. ప్లగ్‌ను సాకెట్ నుంచి పూర్తిగా ఊడదీశాకే పని మొదలవుతుంది కాబట్టి, మీ చేతిలో ఉన్నప్పుడు దానికి సప్లై ఉండదు.

ఏసీ, బోర్ మోటర్ స్టార్టర్, గోడలోకి నేరుగా వైరింగ్ చేసిన గీజర్, నల్లబడిపోయిన సాకెట్ జోలికి వెళ్లొద్దు. వాటికి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. వారంటీలో ఉన్న వస్తువుకు కంపెనీ అచ్చుపోసిన ప్లగ్ ఉంటే, దాన్ని కోసేముందు సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి అడగండి. కోస్తే వారంటీ పోయే అవకాశం ఉంది.

మన ఊళ్లో ప్రతి రెండో ఇంట్లో అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఒకరుంటారు. వాళ్లు తెచ్చిన వస్తువుల గురించి విడిగా చెప్పాలి. అమెరికా నుంచి వచ్చిన కాఫీ మేకర్, బ్లెండర్ 120 వోల్టులకు చేసినవి. ప్లగ్ మార్చినంత మాత్రాన అవి మన 230 వోల్టులకు పనికిరావు, కాలిపోతాయి. ముందు కింద అంటించిన రేటింగ్ స్టిక్కర్ చదవండి. "100-240 వోల్టులు" అని ఉంటేనే ముందుకు వెళ్లండి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. అక్కడ నల్ల వైరు ఫేజ్, తెల్లది న్యూట్రల్, అంటే కరెంట్ తిరిగి వెళ్లే వైరు. మన పాత పద్ధతిలో నల్లది న్యూట్రల్. రంగు చూసి కలిపేస్తే తారుమారవుతుంది. దుబాయ్ నుంచి తెచ్చినవాటికి వోల్టేజ్ ఇబ్బంది ఉండదు. అయితే చదరపు పిన్నుల ఆ ప్లగ్ లోపల ఒక చిన్న ఫ్యూజ్ ఉంటుంది. మన ప్లగ్‌లో సాధారణంగా ఉండదు. అది తీసేసి మన ప్లగ్ పెడితే ఆ రక్షణ పోతుంది. సన్న వైరున్న వస్తువైతే మార్చకుండా మంచి కన్వర్టర్ సాకెట్ వాడటమే నయం.

ఏ ప్లగ్, ఏ వైరు కొనాలి

వస్తువు మీద ఉన్న వాట్లను 230తో భాగిస్తే ఎన్ని యాంప్స్ లాగుతుందో వస్తుంది. 750 వాట్ల మిక్సీ 3.3 యాంప్స్, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 4.3 యాంప్స్. వీటికి 6 యాంప్స్ ప్లగ్ సరిపోతుంది. 1500 వాట్ల కెటిల్ 6.5 యాంప్స్ లాగుతుంది కాబట్టి 6 యాంప్స్ ప్లగ్ దాటిపోయింది. 2000 వాట్ల గీజర్, ఇండక్షన్ స్టవ్ 8.7 యాంప్స్ లాగుతాయి. వీటికి లావు పిన్నుల 16 యాంప్స్ ప్లగ్ తప్పనిసరి. వంటింట్లో పెద్ద సాకెట్ లేదని గీజర్‌కో కెటిల్‌కో చిన్న ప్లగ్ పెట్టించుకోవడం, 16 నుంచి 6కి మార్చే కన్వర్టర్ తగిలించడం చాలా ఇళ్లలో చూస్తాం. ప్లగ్‌లు కరగడం అక్కడే మొదలవుతుంది.

కోఠి దగ్గర ట్రూప్ బజార్‌కు వెళ్తే ఎలక్ట్రికల్ షాపులు వరసగా ఉంటాయి. షాపులో దీన్ని ప్లగ్ టాప్ అంటారు. పెద్దదాన్ని పాతవాళ్లు ఇప్పటికీ "పదిహేను యాంప్స్" లేదా "పవర్ ప్లగ్" అంటారు, కంగారు పడొద్దు, అదే 16.

"అన్నా, గీజర్‌కి పదహారు యాంప్స్ ప్లగ్ టాప్ కావాలె. ఐఎస్‌ఐ ఉన్నదే ఇయ్యి."

ఇలా అడిగి, చేతికిచ్చాక మీరే తిప్పి చూడండి. ప్లగ్ మీద ఐఎస్‌ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 1293 అన్న నంబరు ఉండాలి. మన దేశంలో ప్లగ్‌లకూ సాకెట్లకూ ఉన్న ప్రమాణం అది. గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్సు ఎవరిదో, నడుస్తోందో లేదో తెలిసిపోతుంది. షాపులోనే నిలబడి చూసుకోవచ్చు. తేలికైన, రేకులాంటి పిన్నులున్న ప్లగ్ ఎంత చవకైనా వద్దు. పిన్నులు గట్టి ఇత్తడివై ఉండాలి, లోపల వైరును పట్టి ఉంచే క్లాంప్ ఉండాలి. క్లాంప్ లేని ప్లగ్‌ను నేను కొనను.

వైరు కూడా పాడైతే అతుకులు వేయకుండా మొత్తం మార్చండి. టేపు చుట్టిన అతుకు కదిలే వైరులో ఎక్కువకాలం నిలవదు. "త్రీ కోర్ ఫ్లెక్సిబుల్" అని అడగండి. మిక్సీ లాంటివాటికి 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు, 2000 వాట్ల వస్తువుకు 1.5కి తగ్గకుండా తీసుకోండి. పీవీసీ వైరైతే దాని మీద ఐఎస్ 694 అని ఉంటుంది. ఇస్త్రీపెట్టెకు మాత్రం నూలు అల్లిక ఉన్న వైరే కావాలి. మామూలు పీవీసీ వైరు వేడి పెట్టెకు తగిలితే కరిగిపోతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ప్లగ్ స్క్రూలకు సరిపోయే స్క్రూడ్రైవర్, వైర్ స్ట్రిప్పర్, కటింగ్ ప్లయర్, మల్టీమీటర్. మల్టీమీటర్ లేకపోతే పక్కింట్లో అడిగైనా తెచ్చుకోండి, కొన్నా దండగ కాదు. అది లేకుండా ఎర్త్ కలిసిందో లేదో తెలుసుకునే దారి లేదు.

పొడి నేల మీద, వెలుతురులో కూర్చోండి. వానాకాలం బాల్కనీలో, కడిగిన వంటగది గట్టు మీద ఈ పని పెట్టుకోవద్దు.

పాత ప్లగ్ తీయడం

మొదట సాకెట్ స్విచ్ ఆపండి, తర్వాత ప్లగ్ పట్టుకుని బయటికి లాగండి. స్విచ్ ఆపితే చాలదా అంటే, చాలదు. కొన్ని ఇళ్లలో స్విచ్ పొరపాటున న్యూట్రల్ మీద వేసి ఉంటుంది. అలాంటి చోట స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ప్లగ్‌లోకి ఫేజ్ వస్తూనే ఉంటుంది. ఊడదీసిన ప్లగ్ మీ కళ్లముందు ఉండాలి. పిన్నులను వెంటనే వేళ్లతో తాకొద్దు. లోపల కెపాసిటర్లున్న వస్తువుల్లో కొన్ని క్షణాలు చార్జి మిగిలి ఉండొచ్చు, ఒకట్రెండు నిమిషాలు ఆగండి.

ప్లగ్ కరిగి సాకెట్‌లో అతుక్కుపోయిందా? లాగకండి. ఎంసీబీ ఆపండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపండి, లేకపోతే మెయిన్ ఆపినా బ్యాటరీ నుంచి 230 వోల్టులు ఆ సాకెట్‌కు వస్తుండొచ్చు. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ప్లగ్‌తో పాటు సాకెట్ కూడా మార్చాల్సిందే. కాలిన సాకెట్ స్ప్రింగు పట్టు వదిలేస్తుంది. దాంట్లో కొత్త ప్లగ్ పెడితే అదీ కాలుతుంది.

స్క్రూలతో విప్పే ప్లగ్ అయితే మూత తెరిచి, ఏ రంగు వైరు ఏ పిన్నుకు ఉందో ఫోన్‌తో ఫోటో తీయండి. అయితే ఆ ఫోటోను గుడ్డిగా నమ్మొద్దు. ఇంతకుముందు కలిపినవాళ్లు తప్పు కలిపి ఉండొచ్చు. వైర్లు విప్పాక, వేడికి నల్లబడిన లేదా గట్టిపడిన భాగం ఎంతవరకు ఉందో చూసి, రాగి మెరుస్తూ కనిపించేదాకా వెనక్కి కోసేయండి. నల్లబడిన రాగిని మళ్లీ బిగిస్తే పట్టు సరిగా దొరకదు.

అచ్చుపోసిన ప్లగ్‌ను కోసి తీస్తే, ఆ ముక్కను అలాగే చెత్తబుట్టలో వేయకండి. ముందు పిన్నులు వంచేయండి. ఏ పిల్లాడో దాన్ని తెచ్చి సాకెట్‌లో పెడితే, తెగిన చివర బయటికి కనిపించే రాగిలో పూర్తి వోల్టేజ్ ఉంటుంది.

వైర్లు సిద్ధం చేయడం

రంగులు ఇవి. పాత పద్ధతిలో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. కొత్త వస్తువుల్లో గోధుమ రంగు ఫేజ్, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఎర్త్. ఈ రెండు వరసలకూ చెందని రంగులుంటే ఊహించి కలపొద్దు. మల్టీమీటర్‌తో ఏ వైరు బాడీకి కలిసి ఉందో చూస్తే ఎర్త్ తెలుస్తుంది. మిగతా రెండిట్లో ఏది స్విచ్‌కు వెళ్తోందో, అంటే ఏది ఫేజో, తేలకపోతే మెకానిక్‌కు చూపించండి.

రెండే వైర్లున్న వస్తువు ఎదురైతే స్టిక్కర్ మీద చదరంలో చదరం గుర్తు ఉందేమో చూడండి. ఆ గుర్తుంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉంది, ఎర్త్ అక్కర్లేదు. గుర్తు లేకుండా, ఇనుప బాడీ ఉండి, రెండే వైర్లుంటే మాత్రం ఆ వస్తువును వాడకండి. లోకల్‌గా రేకుతో చేసిన పెద్ద కూలర్లలో ఇది తరచూ కనిపిస్తుంది. త్రీ కోర్ వైరు వేయించి, ఎర్త్‌ను బాడీకి బోల్టుతో బిగించాకే దాన్ని నీళ్లతో నింపాలి.

ఇప్పుడు కొత్త ప్లగ్ మూత విప్పండి. మూతకు వైరు దూరే రంధ్రం ఉంటే వైరును ముందే అందులోంచి దూర్చండి. అన్నీ బిగించాక మూత బయటే ఉండిపోయిందని గుర్తొస్తే మళ్లీ మొదటి నుంచి రావాలి.

పై తొడుగును సుమారు 4 సెంటీమీటర్లు తీయండి. బ్లేడుతో లోతుగా కోయొద్దు, లోపలి రంగు వైర్ల మీద గాటు పడుతుంది. తొడుగు తీశాక ఒక్కో వైరును కొద్దిగా వంచి చూడండి. ఎక్కడైనా రాగి కనిపిస్తే ఆ ముక్క మొత్తం కోసి మళ్లీ మొదలుపెట్టండి.

తర్వాత వైర్లను ప్లగ్ లోపల పరిచి చూసుకుని పొడవులు కోయండి. ఎర్త్ వైరు మిగతా రెండిటికన్నా ఒక సెంటీమీటరు పొడవు మిగలాలి. ఎవరైనా కాలు తగిలి వైరును గట్టిగా లాగారనుకోండి, క్లాంప్ కూడా వదిలేసిందనుకోండి. అప్పుడు పొట్టిగా ఉన్న ఫేజ్, న్యూట్రల్ ముందు ఊడతాయి, ఎర్త్ ఆఖరున ఊడుతుంది. ప్లగ్‌లో ఎర్త్ పిన్ను పొడవుగా ఉండటం వెనకా ఇదే ఆలోచన. సాకెట్‌లోకి వెళ్లేటప్పుడు అదే ముందు తగులుతుంది, వచ్చేటప్పుడు అదే చివర వదులుతుంది.

ప్రతి వైరు చివరా 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ తీయండి. పళ్లతో పీకొద్దు. స్ట్రిప్పర్‌తో తీస్తే లోపలి సన్న తీగలు తెగవు. తీగల్లో నాలుగైదు తెగిపోతే ఆ కాస్త చోట వైరు సన్నబడినట్టే. తీగలన్నింటినీ ఒకే దిశలో గట్టిగా మెలిపెట్టండి. టంకం వేసి గట్టిపరిచే అలవాటు కొందరికి ఉంది, అది ఇక్కడ వద్దు. స్క్రూ ఒత్తిడికి సీసం మెల్లగా నలిగి జరుగుతుంది, కొన్నాళ్లకు పట్టు వదులవుతుంది.

బిగించడం

ప్లగ్ లోపల ఒక్కో పిన్ను దగ్గర ఎల్, ఎన్, ఈ అనే ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ఎల్ ఫేజ్, ఎన్ న్యూట్రల్, ఈ ఎర్త్. అక్షరాలు కనిపించకపోతే, పిన్నులు మీకు అవతలివైపు ఉండేలా, మూడిట్లో అన్నిటికన్నా లావు పిన్ను పైకి ఉండేలా పట్టుకోండి. పైనది ఎర్త్, కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్. గోడ మీది సాకెట్‌ను ఎదురుగా చూసినప్పుడు కూడా ఇదే వరుస. పిన్నులను మీవైపు తిప్పి చూస్తే కుడి ఎడమలు మారిపోతాయి, ఎక్కువ పొరపాట్లు అక్కడే జరుగుతాయి.

ముందు ఎర్త్ బిగించండి. మెలిపెట్టిన తీగలను పిన్ను రంధ్రంలోకి పూర్తిగా దూర్చి స్క్రూ తిప్పండి. వైరు సన్నగా ఉండి రంధ్రం పెద్దదైతే తీగలను ఒకసారి వెనక్కి మడిచి లావు చేసి దూర్చండి. స్క్రూ చుట్టూ వైరు చుట్టే రకమైతే గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టండి. అప్పుడు స్క్రూ బిగిస్తున్నకొద్దీ వైరు లోపలికి లాగుతుంది. రంగు ఇన్సులేషన్ టెర్మినల్ అంచు దాకా రావాలి, స్క్రూ కిందికి మాత్రం పోకూడదు. స్క్రూ ఇన్సులేషన్‌ను పట్టుకుంటే పైకి గట్టిగానే ఉన్నట్టు ఉంటుంది, లోపల రాగికి పట్టు ఉండదు.

ఆ తర్వాత న్యూట్రల్, ఫేజ్. ఒక్కోటి బిగించాక వైరును వేళ్లతో పట్టుకుని లాగి చూడండి. కదిలితే విప్పి మళ్లీ బిగించండి. ఒక్క తీగ కూడా విడిగా బయటికి రాకూడదు.

ఈ బిగింపు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, గీజర్ లెక్క చూడండి. 8.7 యాంప్స్ పారే చోట వదులు స్క్రూ దగ్గర అర ఓమ్ నిరోధం ఏర్పడితే, 8.7ను 8.7తో గుణించి అందులో సగం తీసుకుంటే దాదాపు 38 వాట్లు. అంత వేడి ఆ చిన్న చోటనే పుడుతుంది. టీవీ మెకానిక్ చేతిలో ఉండే చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను ప్లగ్ లోపల పెట్టి మూత వేసినట్టు. ఎంసీబీ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే పారే కరెంట్ మామూలుగానే ఉంది.

చివరగా క్లాంప్. అది పట్టుకోవాల్సింది పై తొడుగును, రంగు వైర్లను కాదు. తొడుగు క్లాంప్ దాటి లోపలికి కొద్దిగా కనిపించాలి. వైర్లు స్క్రూ రంధ్రాల మీదుగా నలగకుండా సర్ది మూత వేయండి. మూత సులువుగా కూర్చోకపోతే నొక్కి బిగించకండి, లోపల ఏదో వైరు అడ్డం ఉంది.

సాకెట్‌లో పెట్టేముందు టెస్టింగ్

మల్టీమీటర్‌ను 200 ఓమ్స్ దగ్గర పెట్టండి. వస్తువు స్విచ్ ఆన్‌లో ఉంచండి, ప్లగ్ మాత్రం చేతిలోనే ఉండాలి.

ఒక ముల్లు లావు పిన్నుకు, ఇంకోటి వస్తువు బాడీలో రంగు లేని లోహానికి, ఏదైనా స్క్రూ తలకు పెట్టండి. దాదాపు సున్నా చూపాలి, ఒక ఓమ్‌లోపు. చూపుతున్నంతసేపు వైరును అటూఇటూ వంచండి. అంకె ఎగిరి పడుతుంటే లోపల తీగ తెగుతోంది, వైరు మార్చాలి. పెయింట్ మీద పెడితే ఏమీ చూపదు, కంగారు పడకండి.

తర్వాత లావు పిన్ను నుంచి మిగతా రెండు పిన్నులకు, ఒక్కోదానికి విడిగా. ఈసారి మీటర్‌ను అన్నిటికన్నా పెద్ద ఓమ్స్ రేంజ్‌కు మార్చండి. ఏ కనెక్షనూ చూపకూడదు. చూపితే లోపల లీకేజీ ఉంది, ఆ వస్తువు మెకానిక్ దగ్గరికి వెళ్లాలి.

చివరగా ఫేజ్, న్యూట్రల్ పిన్నుల మధ్య, మళ్లీ 200 ఓమ్స్ దగ్గర. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె సుమారు 53 ఓమ్స్, 2000 వాట్ల గీజర్ సుమారు 26 ఓమ్స్ చూపుతాయి. మోటర్లున్నవాటికి ఈ లెక్క పనికిరాదు, ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉన్నవాటికీ అంతే. ఇస్త్రీపెట్టె సున్నా చూపితే షార్ట్ ఉంది, సాకెట్‌లో పెట్టకండి.

అన్నీ సరిపోతే వస్తువు స్విచ్ ఆపి, ప్లగ్ పెట్టి, గోడ స్విచ్ వేసి, ఆ తర్వాత వస్తువు స్విచ్ వేయండి. కాళ్లకు పొడి చెప్పులుండాలి. పదిహేను నిమిషాలు నడిపి, ఆపి, ప్లగ్ తీసి అరచేతిలో పట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. వేడిగా ఉంటే ఏదో ఒక స్క్రూ వదులు, లేదా సాకెట్ పట్టు పోయింది. చిటపట శబ్దం, ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే వెంటనే ఆపేయండి.

ఎవరికైనా షాక్ కొడితే వాళ్లను ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపండి. ఆపే వీలు లేకపోతే పొడి కర్రతో విడదీసి, 108కి ఫోన్ చేయండి.

సాకెట్‌లో ఎర్త్ ఉందా?

ప్లగ్‌లో ఎర్త్ ఎంత బాగా బిగించినా, సాకెట్ పై రంధ్రం వెనక వైరు లేకపోతే ఫలితం సున్నా. పాత ఇళ్లలో, గదులుగా విడగొట్టి అద్దెకిచ్చిన హాస్టళ్లలో మూడు రంధ్రాల సాకెట్ బిగించి పై రంధ్రాన్ని ఖాళీగా వదిలేయడం మామూలే. టెస్టర్ పెడితే ఆ రంధ్రంలో లైటు వెలగదు, దాంతో "ఎర్త్ బాగుంది" అనుకుంటారు. ఖాళీ రంధ్రంలోనూ లైటు వెలగదు. టెస్టర్‌తో ఎర్త్ సంగతి తేలదు.

మూడు లైట్లుండే సాకెట్ టెస్టర్ దొరుకుతుంది. సాకెట్‌లో పెడితే ఎర్త్ లేకపోయినా, ఫేజ్ న్యూట్రల్ తారుమారైనా చెబుతుంది. కానీ ఒక మోసాన్ని అది పట్టుకోలేదు. ఎర్త్ లేని సాకెట్‌లో న్యూట్రల్ నుంచి ఒక చిన్న ముక్క తీసి ఎర్త్ టెర్మినల్‌కు కలిపేస్తారు కొందరు. టెస్టర్ అంతా బాగుందంటుంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, ఫ్రిజ్ బాడీ మొత్తం 230 వోల్టులకు చేరుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు బోర్డు తెరిపించి, ఎర్త్ టెర్మినల్‌కు వచ్చే వైరు నిజంగా ఎర్త్ పిట్ (ఎర్త్ కోసం నేలలో తవ్విన గుంత) నుంచే వస్తోందా అని చూపించమనండి.

హైదరాబాద్ నేల కింద ఎక్కువ చోట్ల గ్రానైట్ రాయి. రాతి నేల, ఎండిన నేల కరెంట్‌ను తేలిగ్గా తీసుకోవు. కాబట్టి అపార్ట్‌మెంట్ ఎర్త్ పిట్ ఎండాకాలంలో తడిగా ఉండేలా నీళ్లు పోయించమని సొసైటీ వాళ్లకు చెప్పండి. పార్కింగ్ టైల్స్ వేసినప్పుడు పిట్ మీద కూడా వేసి మూసేసిన బిల్డింగులు ఉన్నాయి, మీది ఎక్కడుందో ఒకసారి వాచ్‌మన్‌ను అడిగి చూసుకోండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించుకోండి. ఫేజ్‌లో వెళ్లిన కరెంట్ న్యూట్రల్‌లో తిరిగి రాకుండా మనిషి గుండానో ఇంకెలాగో నేలకు పోతుంటే అది వెంటనే ఆపేస్తుంది. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూడండి. అద్దె ఇల్లయితే ఓనర్‌ను అడగండి, ముందు ఎర్తింగ్, తర్వాత ఆర్‌సీసీబీ, ఆ వరసలో.

మీటరు దాటి ఇంటి లోపలున్న వైరింగ్ బాధ్యత మనదే. వీధి వైపు సర్వీస్ వైరు నిప్పురవ్వలు చిమ్మినా, ఇంట్లో లైట్లు ఒకటి మరీ ప్రకాశంగా ఇంకోటి మసగ్గా వెలుగుతూ న్యూట్రల్ పోయినట్టు అనిపించినా మెయిన్ ఆపేసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.